ఊరి దగ్గర హైవే పని, మూసేసిన క్రాసింగ్: ఏం అడగాలి, ఎవరిని అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్–విజయవాడ హైవే పక్కన, నల్లగొండ జిల్లాలో మీ ఊరు. అండర్‌పాస్ కడుతున్నామని చెప్పి డివైడర్ మధ్యలో ఉన్న క్రాసింగ్ మూసేశారు. హైవే మీద వెళ్లే బండ్లన్నిటినీ సర్వీసు రోడ్డు మీదకు మళ్లించారు. ఊరు ఒకవైపు, బడి, సగం పొలాలు మరోవైపు. అవతలికి వెళ్లాలంటే ఎక్కడో ఉన్న యూటర్న్ దాకా పోయి రావాలి. రాత్రిపూట వెలుతురు లేదు. క్రాసింగ్ మళ్లీ తెరిపించడానికి రాస్తారోకో చేద్దామని ఊళ్లో కొందరు అంటున్నారు. అది మంచిదేనా, వేరే మార్గం ఉందా అని అడిగారు.

క్రాసింగ్ తెరిపించమని అడగకండి. పని పూర్తయ్యేదాకా మనుషులు, పిల్లలు, పశువులు దాటడానికి భద్రమైన తాత్కాలిక దారి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. మొదటిది ఇవ్వరు. ఇచ్చినా అక్కడ ప్రాణాలు పోతాయి. రెండోది ఇవ్వడం పని చేసేవారి బాధ్యత. అడిగే పద్ధతిలో అడిగితే వస్తుంది, వచ్చిన ఊళ్లను చూశాను.

నేను రోడ్ల ఇంజినీరును. కాంట్రాక్టర్ పనిని తనిఖీ చేసే కన్సల్టెంట్ల తరఫున హైవేల మీద చాలా ఏళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ భాగం మీ ఊరి లాంటి చోట్ల అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు అక్కడ పని ఎందుకు మొదలైందో తెలియాలి. ఒకప్పటి 9వ నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి 2012 నాటికి నాలుగు వరుసలైంది. రోడ్డు వెడల్పయింది, వేగం పెరిగింది, ఊళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. చాలా ఊళ్ల దగ్గర డివైడర్‌లో ఖాళీ వదిలి, అక్కడే దాటుకోమన్నారు. ఆ ఖాళీల దగ్గరే జనం చనిపోతూ వచ్చారు. సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలు, తీవ్ర గాయాలు అయిన ప్రమాదాలు 5 జరిగినా, లేదా 10 మంది చనిపోయినా కేంద్ర రోడ్డు రవాణా శాఖ దాన్ని బ్లాక్ స్పాట్‌గా లెక్కిస్తుంది. చౌటుప్పల్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని నవాబ్‌పేట దాకా ఈ హైవే మీద అలాంటివి 17 గుర్తించారు. మీ ఊరి క్రాసింగ్ ఆ జాబితాలో ఉందంటే, అక్కడ ఇప్పటికే ఎన్ని ఇళ్లలో దుఃఖం మిగిలిందో నాకన్నా మీకే బాగా తెలుస్తుంది.

పని మొదలయ్యాక ఆ క్రాసింగ్ ఇంకా ప్రమాదకరంగా మారుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు వెళుతుంది. డ్రైవరు చూసి, తేరుకుని, బ్రేకు మీద కాలు వేసేసరికే 70 మీటర్లు దాటిపోతుంది. పూర్తిగా ఆగడానికి 180 మీటర్లు కావాలని మన రోడ్ల డిజైన్ ప్రమాణాలే చెబుతున్నాయి. ఇప్పుడు అక్కడ రేకుల కంచె కట్టారు, మట్టి గుట్టలు పోశారు, పక్కన టిప్పర్ ఆగి ఉంది. దాటేవాడికి వచ్చే కారు కనబడదు, కారులో ఉన్నవాడికి దాటేవాడు కనబడడు. ఇలాంటి చోట క్రాసింగ్ తెరిచి ఉంచమనడం చాలా ప్రమాదం.

అయితే క్రాసింగ్ మూసినవారి పని అక్కడితో అయిపోదు. అసలు విషయం ఇక్కడే ఉంది. పని జరిగే చోట ట్రాఫిక్‌ను ఎలా నడపాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఎస్పీ 55 (స్పెషల్ పబ్లికేషన్ 55) అంటారు, 2014 నాటివి. దాని ప్రకారం కాంట్రాక్టర్ పని మొదలుపెట్టే ముందే ట్రాఫిక్ నిర్వహణ ప్లాను గీసి ఆమోదం తీసుకోవాలి. అందులో వాహనాలతో పాటు పాదచారుల సంగతి కూడా ఉండాలి. బోర్డులు, బారికేడ్లు, దీపాలు, జెండా పట్టుకుని నిలబడే మనుషులు, తాత్కాలిక దారి, ఇవన్నీ కాంట్రాక్టు పనిలో భాగం. సిమెంటు, ఇనుము ఎంత పనో ఇదీ అంతే పని. ఊరివాళ్లు అడిగితే దయతలచి చేసే ఉపకారం అని ఎవరైనా మాట్లాడితే ఒప్పుకోకండి.

అందుకే మీ మొదటి అడుగు ఆ ప్లాను చూడటం. సైటు ఆఫీసుకు నలుగురు పెద్దమనుషులు వెళ్లి, "మా ఊరి దగ్గర ఆమోదించిన ట్రాఫిక్ ప్లాను కాపీ చూపించండి" అని అడగండి. ఈ ఒక్క మాటతోనే ఎదుటివాళ్ల తీరు మారుతుంది. విషయం తెలిసినవాళ్లు వచ్చారని వారికి అర్థమవుతుంది. చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్టు కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ప్లానుతో పాటు రోడ్డు భద్రతా ఆడిట్ నివేదిక, అండర్‌పాస్ డ్రాయింగు, కాంట్రాక్టు ప్రకారం పని పూర్తి కావాల్సిన తేదీ కూడా అందులోనే అడగండి.

తర్వాత చీకటి పడ్డాక ఒకసారి ఆ చోటు మొత్తం నడిచి చూడండి. పగలు వచ్చే అధికారులకు అన్నీ సక్రమంగానే కనబడతాయి. రాత్రి చూడాల్సినవి కొన్ని చెబుతాను.

పాత తెల్ల గీతలు. ఇది చాలామంది గమనించరు. హైవే మీద లేన్ల మధ్య వేసిన తెల్ల గీత నేరుగా పోతూ ఉంటుంది, మళ్లింపు మాత్రం ఎడమకు తిరుగుతుంది. చీకట్లో, అందులోనూ వర్షంలో, డ్రైవరు కళ్లు బోర్డు కన్నా ముందు గీతనే పట్టుకుంటాయి. గీత వెంట పోతే నేరుగా బారికేడ్ లోకి, దాని వెనకాల ఉన్న గోతిలోకి పోతాడు. మళ్లింపు మొదలయ్యే చోట పాత గీతను గీకేయాలి లేదా కనబడకుండా చేయాలి, కొత్త గీత మళ్లింపు వైపు తిప్పి వేయాలి. మీ దగ్గర అది జరిగిందో లేదో ఫోనుతో ఫొటో తీయండి.

రెండోది ఎర్ర, తెల్ల రంగు ప్లాస్టిక్ బారియర్లు. వాటిలో నీళ్లో ఇసుకో నింపితేనే అవి అడ్డుగా నిలబడతాయి. ఖాళీవి లారీ గాలికే జరిగిపోతాయి. వేలితో తోసి చూడండి, కదిలితే ఖాళీ అన్నమాట. అలా గాలికి తిరిగిన బారియర్ల మీద బాణం గుర్తు రోడ్డు వైపు కాకుండా పొలాల వైపు చూస్తూ ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. బోర్డుల మీద రేడియం స్టిక్కరు ఉన్నా దుమ్ము పడితే మెరవదు, రోజూ తుడిచే మనిషి ఉండాలి. ఇక హెచ్చరిక బోర్డు పని దగ్గరే ఉంటే లాభం లేదు. ఇంత వేగంగా బండ్లు వచ్చే రోడ్డు మీద చాలా ముందు నుంచే ఒకదాని తర్వాత ఒకటిగా వేగం తగ్గించమని చెబుతూ రావాలి. దారి ఇరుకయ్యే భాగం ఏటవాలుగా, నెమ్మదిగా ఇరుకవ్వాలి. అకస్మాత్తుగా బారికేడ్ ఎదురైతే వెనకాల లారీ ముందున్న కారును గుద్దుతుంది.

ఇప్పుడు మీ అసలు ఇబ్బంది, దాటడం. ఏ ఊరికి ఏది కుదురుతుందో స్థలం చూసి చెప్పాలి గానీ, సాధారణంగా మూడు మార్గాలు ఉంటాయి. పాత కల్వర్టు, అంటే రోడ్డు కింద నీళ్లు పోయే తూము, దగ్గరలో ఉంటే దాన్ని శుభ్రం చేసి, అడుగున కాంక్రీటు వేసి, దీపం పెట్టి మనుషులకు దారిగా వాడుకోవచ్చు. ఇది అన్నిటికన్నా మంచిది, వానాకాలంలో మాత్రం పనికిరాదు. లేదా అండర్‌పాస్‌ను రెండు సగాలుగా కడుతున్నప్పుడు, అయిన సగం కింద నుంచి నడకదారి తెరవమని అడగవచ్చు. ఈ రెండూ కుదరకపోతే, రోడ్డు మీదే ఒక చోట వేగం తగ్గించే పట్టీలు, దీపాలు, రెండు వైపులా జెండా మనుషులు పెట్టి నిర్ణీత వేళల్లో దాటించాలి.

ఒక ఊళ్లో ఈ మూడో పద్ధతి ఎలా కుదిరిందో చెబుతాను. అక్కడి ప్రధానోపాధ్యాయురాలు ఒక కాగితం మీద బడి మొదలయ్యే వేళ, మధ్యాహ్న భోజనం వేళ, బడి వదిలే వేళ, ఏ వీధి నుంచి ఎంతమంది పిల్లలు దాటతారో రాసి తెచ్చారు. దానికి తగ్గట్టు ఆ వేళల్లో టిప్పర్లు తిరగకుండా ఆపాం. జెండా పట్టుకునేవాళ్లు ఆ వేళకు కచ్చితంగా అక్కడ ఉండేలా హాజరు పట్టీ పెట్టాం. అంతకుముందు ఊరివాళ్లు చాలాసార్లు వచ్చి కేకలు వేసి వెళ్లారు. ఆ కేకలతో జరగనిది ఈ కాగితంతో జరిగింది. సైటులో ఉండే ఇంజినీరుకు మీ ఊరి దినచర్య తెలియదు. బడి వేళలు, పాల బండి వచ్చే వేళ, గొర్రెల మంద దాటే చోటు, వారపు సంత రోజు, జాతర తేదీ, కోతల కాలం, అవన్నీ మీరే రాసి ఇవ్వాలి. ఈ కాగితం పంచాయతీ తీర్మానంతో కలిపి ఇస్తే ఇంకా బలం.

అత్యవసరం సంగతి విడిగా మాట్లాడండి. పురిటి నొప్పులు, పాముకాటు, గుండెపోటు లాంటివి యూటర్న్ దాకా ఆగవు. పని ప్రాంతంలో ఒక చోట తొలగించగలిగే బారికేడ్ పెట్టి, అది తీసే మనిషి ఫోను నంబరు ఊళ్లోనూ 108 సిబ్బంది దగ్గరా ఉండేలా చేయించండి. ఇది అడిగితే కాదనే ఇంజినీరును నేను చూడలేదు. కానీ అడిగిన ఊళ్లు తక్కువ.

ఇంకో ముఖ్యమైన విషయం: అండర్‌పాస్ ఎంత ఎత్తో ఇప్పుడే తెలుసుకోండి. అందరూ తాత్కాలిక ఇబ్బంది మీద కొట్లాడుతూ శాశ్వతంగా మిగిలే దాన్ని వదిలేస్తారు. నాలుగు వరుసల హైవేల ప్రమాణాల్లో అండర్‌పాస్‌లు మూడు రకాలు. పెద్దది 20 మీటర్ల వెడల్పు, 5.5 మీటర్ల ఎత్తు. తేలిక వాహనాలది 12 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు. చిన్నది 7 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు. ఈ 4 మీటర్ల ఎత్తులో ఆటో, కారు, ఖాళీ ట్రాక్టరు హాయిగా పోతాయి. కానీ నల్లగొండ, సూర్యాపేట వైపు వరి ఎక్కువ. గడ్డి మోపులు ఎత్తుగా పేర్చుకొచ్చే ట్రాక్టరు, చైన్ హార్వెస్టర్‌ను పైకెక్కించుకుని వచ్చే లారీ దాని కింద పట్టవు. అవి మళ్లీ రాంగ్ రూట్‌లో హైవే ఎక్కుతాయి. ఏ ప్రమాదాలు తప్పించడానికి అంత డబ్బు ఖర్చు పెట్టారో అవే మళ్లీ మొదలవుతాయి. పునాది పోసే ముందైతే మాట్లాడటానికి అవకాశం ఉంటుంది. శ్లాబు పడ్డాక ఎవరూ ఏమీ చేయలేరు. అలాగే అండర్‌పాస్ నేల చుట్టుపక్కల నేల కన్నా లోతుగా ఉంటే వాననీరు ఎటు పోతుందో చూపించమని అడగండి. కాలువ వాగు దాకా వెళుతోందా, మధ్యలో ఎవరి పొలంలోనో ఆగిపోతోందా అన్నది డ్రాయింగులో కనబడుతుంది. మోకాటి లోతు నీళ్లు నిలిచే అండర్‌పాస్ ఉన్నా లేనట్టే.

బస్సుల విషయం కూడా ముందే చూసుకోవాలి. పని జరిగేటప్పుడు స్టాపు తాత్కాలికంగా జరుపుతారు, అక్కడ నీడ ఉండదు, దీపం ఉండదు. ఆ రెండూ కాంట్రాక్టర్‌తో పెట్టించవచ్చు. పని అయిపోయాక అసలు చిక్కు వస్తుంది. ఎక్స్‌ప్రెస్ బస్సులు పై నుంచే వెళ్లిపోతాయి, సర్వీసు రోడ్డులోకి దిగవు. డ్రైవరు పైనే ఆపితే జనం వాలు ఎక్కి హైవే అంచున నిలబడతారు. ఏ బస్సులు కిందికి దిగాలో డిపో మేనేజర్‌కు పంచాయతీ తరఫున ఇప్పుడే రాసి, జవాబు తీసుకోండి.

ఎవరికి రాయాలి? జాతీయ రహదారుల సంస్థలో మీ భాగానికి బాధ్యుడైన ప్రాజెక్టు డైరెక్టర్‌కు. కాపీలు కలెక్టరుకు, జిల్లా పోలీసు ఎస్పీకి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షత వహిస్తారు కాబట్టి, వచ్చే సమావేశంలో మీ ఊరి అంశం చేర్చమని స్పష్టంగా కోరండి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. కిలోమీటరు రాయి నంబరు, ఫొటోలు, అడిగే పనులు, అంతే. బోర్డు పడిపోవడం, దీపం ఆరిపోవడం, గోతి పక్కన అడ్డు లేకపోవడం లాంటి ఆ పూట సమస్యలకు హైవే హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. జాతీయ రహదారుల సంస్థ వారి రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో ఫొటోతో సహా పంపవచ్చు. ఆ ఫిర్యాదు నంబర్లే తర్వాత మీ ఉత్తరానికి సాక్ష్యం.

చట్టం గురించి రెండు ముక్కలు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ఒక రోడ్డు మీద వాహనాలను నిషేధించినా, నియంత్రించినా, అది నెల దాటితే గెజిట్‌లో ప్రకటించాలి. నెలలోపైతే గెజిట్ అవసరం లేదు గానీ స్థానికంగా ప్రచారం చేయాలి. అంటే జనానికి చెప్పకుండా చేయడం కుదరదు. 2019 సవరణతో వచ్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులైన సంస్థకు, కాంట్రాక్టర్‌కు లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. మీ ఉత్తరంలో ఈ సెక్షన్ ప్రస్తావించండి. మరోవైపు, రాత్రికి రాత్రి డివైడర్ పగలగొట్టి దారి చేసుకోవడం లాంటి పనులు ఎవరు చేయబోయినా ఆపండి. జాతీయ రహదారిని ప్రయాణానికి ప్రమాదకరంగా మార్చే పనికి జాతీయ రహదారుల చట్టంలో ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. కేసులు పడేది ఊరి కుర్రాళ్ల మీద. రాస్తారోకో కూడా నేను వద్దంటాను. ఆ జామ్‌లో ఇరుక్కునే అంబులెన్సులో ఎవరున్నారో మనకు తెలియదు.

ఊరు చేయాల్సినవి కూడా ఉన్నాయి. వాటిని దాచిపెట్టి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో రావడం ఇలాంటి చోట్ల అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతుంది. మళ్లింపులో దారి ఇరుకు, ఎదురుగా వచ్చేవాడికి తప్పుకోవడానికి పక్కన జాగా ఉండదు. పొద్దుటిపూట పాలు తెచ్చే బండ్లు, పిల్లలను దింపే ఆటోలు ఇదే తప్పు చేస్తాయి. అలాగే కోతల కాలంలో సర్వీసు రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చడం ఈసారికి మానుకోవాలి. ఇప్పుడు హైవే బండ్లన్నీ ఆ రోడ్డు మీదే వెళుతున్నాయి. రాత్రి బైకు మీద వచ్చేవాడికి నల్ల టార్పాలిన్ కప్పిన కుప్ప కనబడదు. ఆరబోసుకోవడానికి వేరే జాగా చూపించమని అదే ఉత్తరంలో కలెక్టరును అడగండి, అడగడం న్యాయమే.

పండగ రద్దీకి ముందే సిద్ధమవ్వండి. సంక్రాంతికి ఈ హైవే ఎలా నిండిపోతుందో చెప్పక్కరలేదు. గుంటూరు వైపు వెళ్లేవారిని పోలీసులు నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా పంపిస్తుంటారు. కానీ జామ్ అయితే ఫోనులో మ్యాపు చూసుకుని కార్లు మీ ఊరి వీధుల్లోకి దూరతాయి. వీధి మొదట్లో ఒక అడ్డు, ఒక బోర్డు, ఒక హోంగార్డు కావాలని ఎస్పీకి నెల ముందే రాయండి. ఆ వారం రోజులు పని ఆపి, వీలైనన్ని వరుసలు తెరవమని ప్రాజెక్టు డైరెక్టర్‌నూ అడగవచ్చు. చాలాచోట్ల ఒప్పుకుంటారు.

పని ఎన్నాళ్లు పడుతుందని కూడా అడిగారు. కాంక్రీటు పనికన్నా కరెంటు స్తంభాలు, మిషన్ భగీరథ పైపులు జరపడానికే ఎక్కువ కాలం పోతుంది. ఒక శాఖ ఇంకో శాఖ కోసం ఎదురు చూస్తూ కూర్చుంటుంది, గోతి మాత్రం తెరిచే ఉంటుంది. మీ దగ్గర పని ఆగినట్టు కనబడితే ఏ పైపు, ఏ లైను అడ్డుగా ఉందో కనుక్కోండి. ఆ శాఖ మీద ఒత్తిడి తేవడానికి ఎమ్మెల్యే ద్వారా వెళ్లడం ఇక్కడ నిజంగా ఉపయోగపడుతుంది.

డ్రాయింగు మీ చేతికి వచ్చాక అండర్‌పాస్ వెడల్పు, ఎత్తు, నేల మట్టం, కాలువ ఎటు పోతోందో ఇక్కడ రాయండి. ఫొటో పెడితే ఇంకా మంచిది. పునాది దశలో ఉన్నారా, గోడలు లేచాయా అన్నది కూడా చెప్పండి. ఇంకా ఏం మార్పించుకోగలరో దాన్నిబట్టి చెబుతాను.